యాప్ వచ్చాక పని ఎవరి మీద పడింది? దక్షిణ తెలంగాణ ఆఫీసుల్లో డిజిటల్ మార్పు, సహానుభూతి గల నాయకత్వం

క్లుప్తంగా

అంగన్‌వాడీ కేంద్రం నుంచి తహసీల్దార్ ఆఫీసు దాకా నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో పని ఫోన్‌లోకి, పోర్టల్‌లోకి మారిపోయింది. "సిబ్బంది మారడానికి ఇష్టపడటం లేదు" అన్నది పైనుంచి తరచూ వినిపించే మాట. పని జరిగే చోట చూస్తే లెక్క వేరుగా ఉంది. నిర్ణయం తీసుకునే అధికారం పైకి వెళ్లింది. అదనపు పని, తప్పు జరిగితే పడే మాట మాత్రం కిందికి దిగాయి. ఈ బరువును మళ్లీ సర్దటమే సహానుభూతి గల నాయకత్వం చేయాల్సిన పని. అందులో చాలా భాగం మండల స్థాయి అధికారి చేయగలిగిందే. కొంత మాత్రం ఆ స్థాయిలో తేలేది కాదు.

బాలామృతం ప్యాకెట్ చేతికి అందే లోపు

కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో అంగన్‌వాడీల కోసం పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చింది. 2025 జులై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేసింది. ఎవరి పేరున సరుకు వస్తుందో వాళ్లకే అందాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు. అది అంగన్‌వాడీ కేంద్రంలో ఎలా నడుస్తుందన్నది వేరే సంగతి.

దేవరకొండ దాటి చందంపేట, నేరేడుగొమ్ము వైపు వెళ్తే గుట్టల మధ్య తండాలుంటాయి. అలాంటి ఒక తండాలో అంగన్‌వాడీ కేంద్రాన్ని ఊహించుకుందాం. ఏడాదిన్నర పాపకు బాలామృతం తీసుకోవడానికి నాయనమ్మ వచ్చింది. పాప తల్లిదండ్రులు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయారు. యాప్‌లో ఉన్నది తల్లి ముఖం, వచ్చింది నాయనమ్మ. సరే, వివరాలు మార్చుదామని టీచర్ మొదలుపెడితే ఆధార్‌కు ఓటీపీ పోతుంది. ఆ నంబరు పాప తండ్రిది. ఆయన స్లాబ్ మీద ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. ఎత్తి నంబరు చెప్పేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్లీ పంపాలి. ఇంకో తల్లి స్వయంగా వచ్చింది. గదిలో వెలుతురు చాలక ఫోన్ ముఖాన్ని పట్టలేదు. ఆమెను వాకిట్లోకి, అక్కడినుంచి వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, కళ్లు ఆర్పమని చెప్పి, గుండ్రం తిరిగే గుర్తు ఆగేదాకా నిలబడాలి. లోపల పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఆయా పొయ్యి దగ్గర ఉంది.

పాత పద్ధతిలో ఇది రిజిస్టర్లో ఒక సంతకమో వేలిముద్రో. నిమిషం పని.

ఇప్పుడు టీచర్ ముందు రెండు దారులున్నాయి. ప్యాకెట్ ఇచ్చి పంపిస్తే యాప్‌లో పంపిణీ పడదు, నెలాఖరు లెక్కలో తేడా వస్తుంది. ఇవ్వకపోతే పాప తిండి ఆగుతుంది, తండాలో ఆమె మాట పోతుంది. ఏ దారిలో పోయినా జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. ఈ సంకటాన్ని సృష్టించింది ఆమె కాదు, తీర్చే మీట ఆమె ఫోన్‌లో లేదు. ఈ ఒక్క దృశ్యంలోనే మొత్తం విషయం ఉంది. మిగతా శాఖల్లో పేర్లు మారతాయి, తీరు మారదు.

పని తగ్గలేదు, చోటు మారింది

డిజిటల్ పద్ధతి వస్తే పని తగ్గుతుందని అందరూ అనుకుంటారు. నివేదిక తయారుచేసే జిల్లా ఆఫీసులో నిజంగానే తగ్గుతుంది. పదుల కేంద్రాల కాగితాలు కూడి, తప్పులు దిద్ది, టైపు చేసి పంపే తిప్పలు పోయాయి. ఆ కూడిక ఇప్పుడు యాప్ చేస్తుంది. అయితే యాప్‌కు కావలసిన ప్రతి అంకెనూ ఎవరో ఒకరు కొట్టాలి. ఆ పని ఊళ్లో ఉన్న మనిషి దగ్గరికి దిగింది.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో 11 రకాల రిజిస్టర్లు రాసే పద్ధతి ఉండేది. యాప్ వచ్చిన వెంటనే రిజిస్టర్లు పోతాయనుకుంటే పొరపాటు. తనిఖీకి వచ్చే అధికారి కాగితం అడుగుతారు, ఆన్‌లైన్‌లో చూసే అధికారి యాప్ అడుగుతారు. తెలంగాణలో కేంద్రం యాప్‌తో పాటు రాష్ట్రం సొంత యాప్ కూడా నడిచింది. ఒకే బిడ్డ బరువు మూడు చోట్ల రాయాల్సిన పరిస్థితి అలా వచ్చింది. కొత్తది ఎప్పుడు మొదలవుతుందో సర్క్యులర్‌లో తేదీతో సహా ఉంటుంది. పాతది ఎప్పుడు ఆపాలో మాత్రం తరచూ ఉండదు. మార్పు కాలంలో సిబ్బందికి వచ్చే అలసటలో సగం ఈ ఒక్క లోపం వల్లే.

ఇంకో నష్టం లెక్కలోకి రాదు. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న టీచర్‌కు ఊళ్లో ఎవరు గర్భిణి, ఎవరి బిడ్డ బరువు తగ్గింది, ఏ కుటుంబం ఏ నెలలో పనికి వలస పోతుంది, అన్నీ నోటికి తెలుసు. సెక్టార్ మీటింగులో ఆమె మాటకు విలువ ఉండేది అందుకే. యాప్ వచ్చిన రోజు ఆ తెలివికి స్థానం పోయింది. నిన్న చేరిన అమ్మాయి వేళ్లు చకచకా ఆడతాయి. పెద్దామె అప్‌డేట్ ఎక్కడ నొక్కాలో ఆ అమ్మాయినే అడగాలి. చాలామంది అడగరు. ఇంటికి పోయి కొడుకుతోనో మనవరాలితోనో చేయించుకుంటారు. పైనుంచి చూసేవాళ్లకు ఇది నేర్చుకునే ఆసక్తి లేకపోవడంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది సిగ్గు. నలుగురిలో తెలివి తక్కువగా కనబడతామన్న భయం.

శిక్షణ జరిగే తీరు ఆ భయాన్ని పెంచుతుంది. హాలు నిండా మనుషులు, ముందు ప్రొజెక్టర్, ఒక్క పూటలో యాప్ అంతా చూపించేస్తారు. "అర్థమైందా?" అంటే అందరూ అయిందంటారు. అర్థం కానిది బయటపడేది మూడో రోజు, ఊళ్లో, అడగడానికి పక్కన ఎవరూ లేనప్పుడు.

ధరణి: అధికారం పోయింది, జనం కోపం మిగిలింది

తహసీల్దార్ ఆఫీసుల్లో జరిగింది ఇంకా పెద్ద మార్పు. 2017లో భూ రికార్డుల శుద్ధీకరణ జరిగింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారి, అంటే వీఆర్వో, పోస్టులను చట్టం చేసి రద్దు చేశారు. అదే నెలలో రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్టోబరు 29న ధరణి పోర్టల్ రాష్ట్రమంతటా ఒక్కసారే మొదలైంది. తహసీల్దార్లు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు కూడా చేయడం మొదలుపెట్టారు.

అమ్మకం, కొనుగోలు, అదే రోజు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) విషయంలో ధరణి వేగంగా పనిచేసింది. లిటిగేషన్ లేని భూమి ఉన్నవాళ్లకు ఇది నిజమైన మేలు. చిక్కు ఎక్కడొచ్చిందంటే శుద్ధీకరణ నాటి తప్పులు అలాగే పోర్టల్‌లోకి ఎక్కాయి. విస్తీర్ణంలో గుంటలు తగ్గినవి, పేరులో అక్షరం మారినవి, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినవి, సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) కేసులు. ఇలాంటి వాటిని పాత రోజుల్లో తహసీల్దార్ విచారించి సరిచేయగలిగేవారు. పోర్టల్‌లో ఆ అవకాశం లేకపోయింది. ఏ తప్పుకు ఏ మాడ్యూల్, అది కలెక్టర్ లాగిన్‌లో ఉందా ఇంకెక్కడుందా అని వెతుక్కోవాల్సి వచ్చేది. తప్పుల సవరణకు దరఖాస్తు పెట్టుకునే మాడ్యూల్ పేరు, టీఎం-33 అన్న మాట, రైతుల నోళ్లలో నానింది ఆ రోజుల్లోనే.

ఆఫీసులో కూర్చున్న ఉద్యోగి వైపు నుంచి దీన్ని చూడాలి. రైతుకు కనిపించేది ఆ ఉద్యోగి ముఖమే. పహాణీ (భూమి సాగు రికార్డు) నకలు పట్టుకుని మిర్యాలగూడ దగ్గరి ఊరి నుంచో, మక్తల్ దగ్గరి ఊరి నుంచో నాలుగోసారి వచ్చిన రైతుకు "మా దగ్గర ఆప్షన్ లేదు" అన్న జవాబు తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. ఉద్యోగి చెప్పింది నిజమే కావచ్చు. నిర్ణయించే అధికారం లేనివాడు రోజంతా కోపాన్ని భరిస్తే కొన్నాళ్లకు ముఖం తిప్పుకోవడం అలవాటవుతుంది. జనం దాన్ని నిర్లక్ష్యం అంటారు. చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి తనను తాను కాపాడుకునే పద్ధతి అది.

వీఆర్వోల కథ ఇంకా నేర్పేది ఉంది. అవినీతి ఆరోపణలు పెద్ద కారణంగా ఆ వ్యవస్థనే తీసేశారు. ఆ ఆరోపణల్లో నిజం లేదని ఎవరూ అనరు. అయితే 2022లో వాళ్లను లాటరీ పద్ధతిలో ఇతర శాఖలకు సర్దినప్పుడు, ఏ సర్వే నంబరు వెనక ఏ తగాదా ఉందో తెలిసిన జ్ఞాపకం కూడా ఊరు వదిలిపోయింది. 2025లో గ్రామ పాలనాధికారుల వ్యవస్థ పెట్టి, పాత వీఆర్వోలు, వీఆర్ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) నుంచి పరీక్ష ద్వారా మనుషులను మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. సాంకేతికత ఎంత మంచిదైనా ఊరి తెలివిని భర్తీ చేయలేదని ఒప్పుకోవడానికి అయిదేళ్లు పట్టింది.

ధరణి స్థానంలో వచ్చిన భూభారతి విషయంలో దారి కొంత మారింది. 2025 ఏప్రిల్ 14న మొదలుపెట్టి, ముందు నాలుగు మండలాల్లో ప్రయోగం చేశారు. అందులో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు. జూన్‌లో రాష్ట్రమంతా విస్తరించారు. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. అప్పీలుకు అంచెలు ఇచ్చారు. ఫలితాల మీద తీర్పు చెప్పడానికి ఇంకా సమయం కావాలి. కానీ సిబ్బంది కోణంలో ఒక తేడా స్పష్టం. కౌంటర్ దగ్గర ఉన్న మనిషి ఇప్పుడు "ఫలానా చోట అప్పీలు చేసుకో" అనగలడు. "ఆప్షన్ లేదు" అనడానికీ దీనికీ మధ్య చాలా దూరం ఉంది.

ఫొటోను ఫొటో తీసిన చోట

ఉపాధి హామీ పనుల్లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌ను 2021 మేలో తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, స్థలం వివరాలతో ఎక్కించాలి. దొంగ మస్టర్లను, అంటే తప్పుడు హాజరు పట్టీలను, అరికట్టడం లక్ష్యం. దొంగ మస్టర్లు కల్పితం కాదు, వాటితో నష్టపోయింది కూలీలే.

పాలమూరు ఎండాకాలంలో పని పొద్దున ఆరింటికే మొదలవుతుంది. ఎండ ముదిరేలోపు కొలత పూర్తిచేసి ఇంటికి పోవాలని కూలీలు చూస్తారు. రెండో ఫొటో సమయం దాకా ఆగాలంటే పని అయిపోయాక కూడా చెట్టు నీడ వెతుక్కుని కూర్చోవాలి. సిగ్నల్ దొరక్క ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి మీదే అనుమానం. పనిచోట కూలీలను చూసుకునే మేట్‌కో ఫీల్డ్ అసిస్టెంట్‌కో దీనికి విరుగుడు చేతిలో లేదు. నిబంధన పాటిస్తే కూలీల తిట్లు, పాటించకపోతే పైవాళ్ల తిట్లు.

2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే దేశవ్యాప్తంగా రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని, ఒకే ఫొటో వేర్వేరు మస్టర్లలో కనిపిస్తోందని. దానికి ఇచ్చిన మందు ఇంకో తనిఖీ. గ్రామ పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులే చూసి సరిపోల్చాలి.

కొంత మోసం, కొంత గత్యంతరం లేకపోవడం. రెండూ తెరమీద ఒకేలా కనబడతాయి, అదే అసలు సమస్య. వాట్సాప్ గ్రూపులో రోజూ శాతాల జాబితా వస్తుంది, వెనకబడిన మండలాలు ఎర్ర రంగులో ఉంటాయి. సాయంత్రం టెలికాన్ఫరెన్స్‌లో ఎర్ర రంగు గురించే మాట్లాడతారు. అప్పుడు కింద ఉన్న మనిషి ఎర్రను పచ్చ చేసే దారి వెతుకుతాడు. పని చేసి పచ్చ చేయడం కష్టమైతే వేరేలా చేస్తాడు. తిట్టు ఎంత గట్టిగా ఉంటే సమాచారం అంత అబద్ధమవుతుంది.

ఈ సంగతి ఆసుపత్రుల్లో బయటపడి చాలా ఏళ్లయింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను అధ్యయనం చేసి 1996లో ప్రచురించారు. మంచి హెడ్ నర్సు, మంచి జట్టు ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ నమోదవుతాయని అనుకున్నారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆ వార్డుల్లో పొరపాటు చెప్పుకోవడానికి నర్సులు భయపడలేదు. భయం ఉన్న వార్డుల్లో రికార్డు శుభ్రంగా ఉంది. జిల్లా ఆఫీసులో నూటికి నూరు శాతం పచ్చగా ఉన్న మండలాన్ని చూసినప్పుడు ఇది గుర్తుకు రావాలి.

పైజామాల ఫ్యాక్టరీ నుంచి పోస్టాఫీసు దాకా

పని పద్ధతి మారినప్పుడు మనుషులు ఎందుకు బిగుసుకుంటారన్న ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఒక పైజామాల ఫ్యాక్టరీలో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి 1948లో ప్రచురించారు. ఒక బృందానికి మార్పు ఎందుకు అవసరమో మీటింగు పెట్టి వివరించి, కొత్త పద్ధతి చేతికిచ్చారు. మిగతా బృందాలను కొత్త పద్ధతి రూపకల్పనలోనే కలుపుకున్నారు. మొదటి బృందంలో 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు, ఉత్పత్తి పడిపోయి కోలుకోలేదు. అందరినీ కలుపుకున్న చోట ఉత్పత్తి త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటింది. ఇక్కడ గమనించాల్సింది మొదటి బృందానికి ఏమీ చెప్పలేదని కాదు. కారణాలన్నీ చెప్పారు. మన దగ్గర జరిగే ఓరియెంటేషన్ కూడా అదే. చెప్పడం, అడగడం ఒకటి కావు.

బ్రిటన్ బొగ్గు గనుల మీద ట్రిస్ట్, బాంఫోర్త్ 1951లో రాసిన అధ్యయనం మరో ముక్క జోడిస్తుంది. యంత్రాలు రాకముందు చిన్న జట్టు మొత్తం పని తానే చేసేది. యంత్రాలొచ్చాక పని షిఫ్టులుగా ముక్కలైంది. ముందు షిఫ్టు వదిలేసిన లోపం తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది. యంత్రం మంచిదే, జట్టు విరిగిపోయింది.

అన్నిటికంటే భయపెట్టే ఉదాహరణ బ్రిటన్ పోస్టాఫీసులది. 1999 నుంచి అక్కడి చిన్న పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. నగదు తక్కువ ఉన్నట్టు అది తప్పుడు లెక్కలు చూపింది. యాజమాన్యం సాఫ్ట్‌వేర్‌ను నమ్మింది, మనుషులను నమ్మలేదు. 900 మందికి పైగా పోస్ట్‌మాస్టర్లు దోషులయ్యారు, కొందరు జైలుకెళ్లారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది, శిక్షలను ఒక్కసారిగా రద్దు చేయడానికి 2024లో చట్టమే తేవాల్సి వచ్చింది. బాధితుల్లో చాలామంది చెప్పిన మాట ఒకటుంది: హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది" అన్నారు.

మన పల్లె పోస్టాఫీసుల్లోనూ 2017 డిసెంబరు తర్వాత దర్పణ్ పథకం కింద చేతి యంత్రాలు వచ్చాయి. ఇక్కడ అలాంటి ఘోరం జరిగిందని దీని అర్థం కాదు. కానీ ఆ హెల్ప్‌లైన్ మాట మన మీటింగుల్లో వినిపించే మాటకు చాలా దగ్గరగా ఉంది: "అందరికీ వస్తోంది, నీకెందుకు రావట్లేదు?" సమస్య చెప్పిన మనిషిని ఒంటరిని చేసే ప్రశ్న అది. ఒకసారి ఆ ప్రశ్న విన్నవాళ్లు రెండోసారి సమస్య చెప్పరు. పక్క కేంద్రంలోనూ అదే సమస్య ఉందని ఎవరికీ తెలియదు.

మండల స్థాయిలో సహానుభూతి ఎలా ఉంటుంది

సహానుభూతి అనగానే "ఎలా ఉన్నారమ్మా, కష్టంగా ఉందా" అన్న పరామర్శ గుర్తొస్తుంది. పరామర్శ మంచిదే. కానీ ఓటీపీ రాని టీచర్‌కు పరామర్శతో ఓటీపీ రాదు. ఆమె కష్టాన్ని అర్థం చేసుకున్న సూపర్‌వైజర్ ఏదో ఒకటి మార్చాలి: సమయమో, పని పంపకమో, తప్పు ఎవరి ఖాతాలో పడాలన్నదో.

సుమారు 25 కేంద్రాలను చూసే సెక్టార్ సూపర్‌వైజర్ చేయగలిగినవి ఉన్నాయి. నెల మీటింగులో మొదటి మాట శాతం గురించి కాకుండా "ఎక్కడ ఆగిపోతోంది?" అని మొదలుపెట్టొచ్చు. ఏడుగురు టీచర్లు ఒకే స్క్రీన్ దగ్గర ఆగుతున్నారని తేలితే అది టీచర్ల సమస్య కాదని అక్కడే అర్థమవుతుంది. ఆ ఏడు పేర్లూ, తేదీలూ, స్క్రీన్‌షాట్లూ కలిపి పైకి పంపితే అది ఫిర్యాదుగా మిగలదు, ఆధారం అవుతుంది. సర్వర్ పని చేయని సమయాలను రాసుకునే ఒక చిన్న నోట్‌బుక్ ప్రతి కేంద్రంలో ఉంచి, దాని మీద సూపర్‌వైజర్ సంతకం పెడితే, తనిఖీ రోజున ఆ సంతకం టీచర్‌కు రక్షణ. ఖర్చు పది రూపాయలు.

నేర్పే పని విషయంలో పక్క కేంద్రం టీచర్‌ను మించిన ట్రైనర్ లేరు. వేగంగా నేర్చుకున్న అమ్మాయిని పెద్దామె దగ్గరికి పూటపాటు పంపాలి, పెద్దామెను ఆ అమ్మాయి ఊరికి గృహ సందర్శనకు తీసుకెళ్లాలి. ఒకరు ఫోన్ నేర్పుతారు, ఇంకొకరు ఊరితో మాట్లాడటం నేర్పుతారు. ఇద్దరికీ గౌరవం మిగులుతుంది. ఆ పూట పనిగానే లెక్కకట్టాలి. సెలవు పెట్టుకుని నేర్పమంటే ఎవరూ రారు.

పని పంపకం ఎంత తేడా తెస్తుందో వడ్ల కొనుగోలు కేంద్రాల్లో కనిపిస్తుంది. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో యాసంగి వడ్లు కుప్పలుగా వచ్చే రోజుల్లో మహిళా సంఘాల కేంద్రాల మీద ఒత్తిడి మామూలుగా ఉండదు. మబ్బు పడితే రైతుకు, హమాలీకి, సంఘం వాళ్లకు అందరికీ టెన్షనే. తేమ 17 శాతం దాటితే ఆపాలి, కాంటా వేయాలి, ట్యాబ్‌లో ఎక్కించాలి, లారీకి ట్రక్ షీట్ రాయాలి. అయినా ఒక వెసులుబాటు ఉంది. కాంటా దగ్గర ఒకరు, ట్యాబ్ దగ్గర ఒకరు, తేమ చూసేవాళ్లు ఇంకొకరు. ట్యాబ్ ఆగితే కాంటా ఆగదు, చిట్టీ మీద రాసి తర్వాత ఎక్కిస్తారు. అంగన్‌వాడీలో వండటం తప్ప అన్నీ ఒక్క మనిషే. అదే ఫోన్, అదే సిగ్నల్, కానీ భారం పంచుకునే మనిషి లేదు. సమస్యను "డిజిటల్ అవగాహన"గా చూస్తే ఈ తేడా కనపడదు.

ముందే చెప్పి ఆపడం అనే చిన్న మర్యాద కూడా పనిచేస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అందుకోసం డిసెంబరు చివర్లో కొన్ని రోజులు సేవలు ఆగుతాయని ముందే ప్రకటించారు. ఖాతాదారులకు ఇబ్బంది లేదని కాదు. కానీ కౌంటర్‌లోని ఉద్యోగి చూపించడానికి ఒక నోటీసు ఉంది. ఏ ప్రకటనా లేకుండా సర్వర్ ఆగే రోజున, గోడకు అంటించడానికి ఆ కాగితం కూడా ఉండదు.

అభ్యంతరాలు, పరిమితులు

"మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారు" అన్నది పాత అనుభవంలోంచి వచ్చిన మాట. సిగ్నల్ లేదన్న సాకుతో పని ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. డిజిటల్ పద్ధతి వచ్చాకే బయటపడిన అక్రమాలూ ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేరున మస్టర్లు, చేతిరాతతో మారిపోయిన పహాణీలు కల్పిత కథలు కావు. సిబ్బందికీ కొంత మేలు జరిగింది. జీతం నేరుగా ఖాతాలో పడుతుంది, చేసిన పనికి ఆధారం ఉంటుంది. కాబట్టి పాత పద్ధతికి తిరిగి పోదామన్న వాదన నిలవదు.

సాకునూ నిజమైన అడ్డంకినీ విడదీయడానికి దగ్గరికి వెళ్లడం తప్ప దారి లేదు. అమ్రాబాద్ అడవిలోని చెంచుపెంటకు (చెంచుల ఆవాసానికి) ఒకసారి వెళ్లి అదే ఫోన్ పట్టుకుని నిలబడిన అధికారికి రెండింటి తేడా తెలుస్తుంది. సహానుభూతి ఇక్కడ కఠినత్వానికి వ్యతిరేకం కాదు. నిజంగా ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి కూడా అదే పనికొస్తుంది, ఎందుకంటే మిగతావాళ్లంతా నిజం చెప్పే వాతావరణంలో అబద్ధం తేలిగ్గా బయటపడుతుంది.

అసలు పరిమితి వేరేచోట ఉంది. సూపర్‌వైజర్ కూడా ఎర్ర రంగు జాబితాలో ఉన్న మనిషే. ఆమె పైన సీడీపీవో (ప్రాజెక్టు అధికారి), ఆ పైన జిల్లా అధికారి, ఆ పైన రాష్ట్రస్థాయి సమీక్ష. రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో "ఎందుకు పెండింగ్?" అన్న మెసేజ్ ఆమెకూ వస్తుంది. తనను ఎవరూ అర్థం చేసుకోని చోట ఉంటూ కిందివాళ్లను అర్థం చేసుకోమనడం పెద్ద కోరిక. ఓటీపీ బదులు ఇంకో పద్ధతి పెట్టడం, నాయనమ్మ ముఖాన్ని కూడా నమోదు చేసే వెసులుబాటు ఇవ్వడం, రెండు యాప్‌లను ఒకటి చేయడం, ఇవేవీ మండలంలో తేలవు. యాప్ రాసే చోట, నిబంధన రాసే చోట తేలాలి. పైకి పంపిన సమస్యకు జవాబు రాకపోతే మండల స్థాయి సహానుభూతి నాలుగు నెలల్లో ఆవిరైపోతుంది. మళ్లీ పరామర్శే మిగులుతుంది.

ఇక ముందు

ముఖ గుర్తింపు ఇక్కడితో ఆగడం లేదు. 2025 ఆగస్టు నుంచి ప్రభుత్వ బడుల టీచర్ల హాజరు కూడా అదే పద్ధతిలోకి వచ్చింది. పంచాయతీ కార్యదర్శులు అంతకుముందే ఆ దారిలో ఉన్నారు. గ్రామ పాలనాధికారులు కొత్తగా చేరి, పోర్టల్‌నూ ఊరినీ ఒకేసారి నేర్చుకుంటున్నారు. ఒక్కో ఊళ్లో నలుగురైదుగురు ఉద్యోగులు ఒకే సిగ్నల్ కోసం ఒకే మిద్దె ఎక్కే రోజులివి.

దగ్గరలో కనిపించే ప్రభావం వయసుకు సంబంధించింది. తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్లకు విరమణ వయసు 65. ఎనభైలు, తొంభైల్లో చేరినవాళ్లు వరసగా దిగిపోతున్నారు. కొందరు యాప్‌ల తిప్పలు పడలేక ముందే మానుకునే ఆలోచనలో పడతారు. వాళ్ల స్థానంలో వచ్చేవాళ్లకు ఫోన్ కష్టం కాదు. కానీ అప్పగింత రోజున చేతులు మారేది ఫోన్, లాగిన్, స్టాకు లెక్క. ఏ ఇంటి కోడలు ప్రతి కాన్పుకూ పుట్టింటికి పోతుంది, ఏ పిల్లాడికి పాలు పడవు, ఎండాకాలం ఏ తండా ఖాళీ అవుతుంది, ఇవన్నీ అడిగి రాసిపెట్టుకునే రోజు ఆ అప్పగింతలో లేదు. పాత టీచర్, కొత్త టీచర్ కనీసం ఒక నెల పక్కపక్కన పనిచేసేలా చూడటానికి యాప్‌లో మార్పు అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, ఒక నెల అదనపు జీతం చాలు.